ప్రాసెస్‌ల సమూహపు గరిష్ఠ మెమరీ వినియోగం: వ్యవసాయ గణనలలో దానిని కొలిచే విధానం

ఖరీఫ్‌కు ముందు విస్తరణ సిబ్బందికి నెల్లిమర్లలో ఏర్పాటైన ఒకరోజు శిక్షణకు మా బృందం ఒక పట్టికను తీసుకువెళ్ళింది. వర్షాధార చోడి పంటను ఏ మండలంలో ఏ వారంలో విత్తుకోవచ్చునో సూచించే పట్టిక అది. దీర్ఘకాల వర్షపాతాన్ని, నేలల నీటి నిల్వ సామర్థ్యాన్ని కలిపి చేసిన నీటి సమతుల్య గణన దానికి ఆధారం. ప్రతులు పంచిన అయిదు నిమిషాలకే వెనుక వరుసలోని ఒక యువ వ్యవసాయ సహాయకుడు లేచి, "సార్, ఇందులో మా నెల్లిమర్ల ఏదండీ?" అని అడిగాడు. శిక్షణ జరుగుతున్న మండలమే పట్టికలో లేదు. వెదికి చూడగా మరి రెండు మండలాలు కూడా కనిపించలేదు. టైపు చేయడంలో జారిపోయి ఉంటుందని అప్పటికి సర్దిచెప్పాను. అది నిజం కాదని మరునాడు తేలింది.

గణన చేసిన సర్వరులో ప్రతి మండలానికి ఒక పిల్ల ప్రాసెస్ చొప్పున ఆర్ భాషలోని సమాంతర గణన పద్ధతిలో నడిపించాము. వాటిలో మూడు ప్రాసెస్‌లను మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టమే మధ్యలో చంపివేసింది. ఆర్ భాషలోని ఎంసీల్యాప్లై అనే ప్రమేయం అటువంటి సందర్భంలో ఆగిపోదు. ఫలితం రాని చోట శూన్యాన్ని ఉంచి, ఒక హెచ్చరిక వాక్యం రాసి, ముందుకు సాగుతుంది. తరువాత ఫలితాలను వరుసలుగా పేర్చే ఆర్‌బైండ్ ఆ శూన్యాలను చడీచప్పుడు లేకుండా వదలివేస్తుంది. పట్టిక నిండుగానే కనిపిస్తుంది. రాత్రంతా నడిచిన గణనకు సంబంధించిన చిట్టాలో ఆ ఒక్క హెచ్చరికను చదివినవారు లేరు. ఆ తప్పు విద్యార్థిది కాదు. చదవమని చెప్పవలసిన నాది.

ఇక్కడ ఆందోళన కలిగించే విషయం మూడు వరుసలు పోవడం మాత్రమే కాదు. పోయినవి ఏవి అన్నది ముఖ్యం. లినక్స్ కెర్నెల్ మెమరీ పూర్తిగా అడుగంటినప్పుడు ఏ ప్రాసెస్‌ను చంపాలో ఎంచుకోవడానికి ప్రతి దానికి ఒక మార్కు వేస్తుంది. ఆ మార్కు ప్రధానంగా ఆ ప్రాసెస్ ఆక్రమించిన మెమరీకి అనుపాతంలో ఉంటుంది. అనగా అన్నిటికంటె పెద్దది ముందుగా పోతుంది. చంపావతి ఒడ్డున ఉన్న మండలాలలో నేలల మార్పు ఎక్కువని మేము అక్కడ గళ్ళను చిన్నవిగా తీసుకున్నాము. గళ్ళు పెరిగిన చోట మాత్రిక పెరిగింది, మాత్రిక పెరిగిన చోట ప్రాసెస్ చచ్చింది. కాబట్టి పోయిన మూడూ ఏటి ఒడ్డు మండలాలే. క్షేత్ర ప్రయోగంలో ఒక మడి పశువుల పాలైతే దానిని లోపించిన మడిగా అంచనా వేసి విశ్లేషణ చేసుకుంటాము. దిగుబడి ఎక్కువగా ఉన్న మళ్ళు మాత్రమే ఏరి మరీ పోతే ఆ ప్రయోగానికి అర్థం ఉండదు. మెమరీ చాలక జరిగే నష్టం ఈ రెండవ కోవకు చెందినది. అది యాదృచ్ఛికం కాదు.

ఈ కారణంగా, ఒక గణన మొత్తం మీద ఒక క్షణంలో అత్యధికంగా ఎంత మెమరీ వాడుకున్నదో కొలిచే పద్ధతిని వ్యవసాయ విద్యార్థులు కూడా తెలుసుకోవలసి ఉన్నది. ఇది కంప్యూటరు శాస్త్ర విభాగానికి మాత్రమే చెందిన విషయమని నేనూ చాలాకాలం అనుకున్నాను.

గరిష్ఠం ఎందుకు, సగటు ఎందుకు కాదు

భారత వాతావరణ శాఖ 0.25 డిగ్రీల గళ్ళలో 1901 నుండి ఇచ్చే రోజువారీ వర్షపాత దత్తాంశం మన విద్యార్థులందరికీ పరిచితమే. దానిలో 135 × 129 గళ్ళు ఉంటాయి. ఒక్కొక్క విలువకు 4 బైట్ల చొప్పున ఒక సంవత్సరానికి సుమారు 25.4 మెగాబైట్లు అవుతుంది. 120 సంవత్సరాలకు 3.05 గిగాబైట్లు. డిస్కు మీద ఇంతే. అయితే ఆర్ భాష దశాంశ సంఖ్యలను 8 బైట్లలో నిలువ చేస్తుంది. కనుక చదవగానే అది 6.1 గిగాబైట్లవుతుంది. అప్పుడు సున్న కంటె తక్కువగా ఉన్న లోప సంకేతాలను ఒకే వాక్యంతో తొలగించామనుకోండి. పాతది ఉండగానే కొత్త ప్రతి తయారవుతుంది. ఆ కొద్ది క్షణాలలో 12.2 గిగాబైట్లు. అటు తరువాత విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల గళ్ళు మాత్రం ఉంచుకొని మిగిలినది వదలివేస్తే వినియోగం కొన్ని మెగాబైట్లకు పడిపోతుంది. విద్యార్థి టీ తాగి వచ్చి తెర మీద చూసేసరికి కనిపించేది ఈ చివరి అంకె. 8 గిగాబైట్ల యంత్రం మీద తన పని ఎందుకు ఆగిపోయిందో అతనికి ఎన్నటికీ అర్థం కాదు.

వ్యవసాయ వాతావరణ కేంద్రంలో ఈ సమస్యను మనవారు ఎప్పుడో పరిష్కరించుకున్నారు. ఉదయం 7 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు పరిశీలకుడు స్టీవెన్సన్ తెర తలుపు తీసి పొడి ఉష్ణమాపకం చదువుతాడు. ఆ రోజు అత్యధిక ఉష్ణోగ్రత ఈ రెండు వేళలలోనే రావాలన్న నియమం లేదు. అందుకే గరిష్ఠ ఉష్ణమాపకం వేరుగా ఉన్నది. దాని బల్బు దగ్గర నాళం సన్నగా నొక్కబడి ఉంటుంది. వేడికి వ్యాకోచించిన పాదరసం ఆ నొక్కును దాటి ముందుకు పోతుంది గాని, చల్లబడినప్పుడు తిరిగి వెనుకకు రాదు. పరిశీలకుడు అక్కడ లేకపోయినా ఆ రోజు చేరిన ఎత్తు గుర్తుగా నిలిచి ఉంటుంది. చదివిన తరువాత విదిలించి తిరిగి అమర్చాలి. మెమరీ గరిష్ఠాన్ని పట్టుకునే సాధనానికి కూడా సరిగ్గా ఈ మూడు లక్షణాలు ఉండాలి. పెరిగినప్పుడు తనంతట తాను నమోదు చేసుకోవాలి, తగ్గినప్పుడు నిలిచి ఉండాలి, కావలసినప్పుడు తిరిగి అమర్చుకోగలగాలి.

లినక్స్‌లో ఒక్కొక్క ప్రాసెస్‌కు ఇటువంటి గుర్తు ఉన్నది. ప్రాక్ విభాగంలోని ఆ ప్రాసెస్ స్థితి ఫైలులో వీఎం హెచ్‌డబ్ల్యూఎం అన్న పేరుతో అది కనిపిస్తుంది. చివరి మూడు అక్షరాలు ఎత్తైన నీటి గుర్తు అన్న మాటకు పొట్టిరూపం. వరద తీసిన తరువాత నెల్లిమర్ల దగ్గర చంపావతి వంతెన స్తంభాల మీద నిలిచే బురద చారను చూసినవారికి ఆ పేరు వేరే వివరించనక్కరలేదు. ప్రాసెస్ ముగిసిన వెంటనే ఆ ఫైలు కూడా మాయమవుతుంది. ముగిసిన తరువాత తెలుసుకోదలిస్తే గ్నూ టైమ్ అనే ఉపకరణం ద్వారా పనిని నడిపించాలి. అది చివరలో గరిష్ఠ మెమరీని కిలోబైట్లలో ముద్రిస్తుంది. దాని పాత 1.7 సంచికలో ఒక దోషం వలన అంకె నాలుగు రెట్లు ఎక్కువగా వచ్చేది. పాత సిద్ధాంత గ్రంథాలలోని అంకెలతో పోల్చేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సమూహానికి వచ్చేసరికి

ఒకే ప్రాసెస్‌తో పని ముగిసే రోజులు పోయాయి. ఆర్ సమాంతర గణన, పంట నమూనాను వేల గళ్ళకు వరుసగా నడిపే చిన్న స్క్రిప్టు, ఉపగ్రహ చిత్రాలను ముక్కలుగా కోసే ఉపకరణాలు, ఇవన్నీ ఒక తల్లి ప్రాసెస్, అనేక పిల్లలు, కొన్ని సందర్భాలలో ఆ పిల్లల పిల్లలు కలిసిన కుటుంబాలు. ఆ కుటుంబం మొత్తం ఒక క్షణంలో చేరిన గరిష్ఠం మనకు కావాలి. దానిని విడివిడి అంకెల నుండి రాబట్టబోతే ఎంత దూరం తప్పిపోతామో ఒక లెక్కతో చూద్దాం.

తల్లి ప్రాసెస్ 2 గిగాబైట్ల దత్తాంశం చదివి నాలుగు పిల్లలను సృష్టించింది. పిల్లలు ఆ 2 గిగాబైట్లను తల్లితో పంచుకుంటాయి, రాయనంత వరకు ప్రతి తయారు కాదు. ప్రతి పిల్ల తన పనిలో ఒక దశలో 20,000 గళ్ళ మధ్య సహవిచలన మాత్రిక కట్టింది. 20,000 × 20,000 × 8 బైట్లు, అనగా 3.2 గిగాబైట్లు. లెక్క సులువుకు 3 అనుకుందాం. మిగిలిన సమయంలో ఒక్కొక్కదాని సొంత వాడకం 1 గిగాబైటు.

ప్రతి పిల్ల గరిష్ఠ గుర్తు పంచుకున్నదానితో కలిపి 5 గిగాబైట్లుగా నమోదవుతుంది. తల్లిది 2. అన్నీ కూడితే 22. గ్నూ టైమ్ మాత్రం 5 అని చెబుతుంది. ఎందుకంటే అది ఆధారపడే కెర్నెల్ లెక్కలో పిల్లల గరిష్ఠం అంటే పిల్లలన్నిటి మొత్తం కాదు, వాటిలో అతి పెద్దదాని అంకె. ఈ సంగతి దాని మాన్యువల్‌లో స్పష్టంగానే ఉన్నది, చదివేవారు తక్కువ. వాస్తవం ఈ రెంటి మధ్య ఉన్నది. నాలుగు పిల్లలూ ఒకే క్షణంలో మాత్రికలు కడితే 2 + 12 = 14. ఒక్కసారికి రెండు మాత్రమే ఆ దశలో ఉంటే 2 + 6 + 2 = 10. ఇప్పుడు 16 గిగాబైట్ల యంత్రం ఉన్న శాస్త్రవేత్తను ఊహించండి. 22 అన్న అంకె చూసి పని మానుకుంటాడు. 5 అన్న అంకె చూస్తే అటువంటివి మూడు ఒకేసారి నడపవచ్చునని తలచి మూడింటినీ పోగొట్టుకుంటాడు.

కూడిన మొత్తం ఎక్కువ కావడానికి రెండు కారణాలు కలిసి ఉన్నాయి. మొదటిది, పంచుకున్న భాగాన్ని అయిదుసార్లు లెక్కించడం. దీనికి విరుగుడుగా పంచుకున్న పుటను ఎందరు వాడుతుంటే అన్ని భాగాలు చేసి ఒక్కొక్కరికి ఒక భాగం కట్టే లెక్క ఒకటి కెర్నెల్‌లో ఉన్నది. పీఎస్ఎస్ అంటారు. కాని అది ఆ క్షణపు విలువ మాత్రమే, గరిష్ఠ గుర్తు దానికి లేదు. రెండవ కారణం ఇంకా మౌలికమైనది. గరిష్ఠాల మొత్తం, మొత్తపు గరిష్ఠం ఒకటి కావు. చిట్టగెడ్డ, పోతులగెడ్డ, గాడిగెడ్డ చంపావతిలో కలుస్తాయి. ఒక్కొక్క గెడ్డ వరద ఎత్తును విడిగా కొలిచి కూడి, ఏటి మీద ఆనకట్ట కట్టే ఇంజనీరు ఎవరూ ఉండరు. ఏ గెడ్డ వరద ఏ గంటకు చేరుతుందన్నది తేల్చేది కలిసిన చోట పెట్టిన కొలబద్ద మాత్రమే.

తీరా చూస్తే, ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్రాసెస్ సమూహం అనే పాత భావన ఒకటి యూనిక్స్ కాలం నుండి ఉన్నది. అది సంకేతాలు పంపడానికి, ఒక పనిని మొత్తంగా ఆపడానికి ఏర్పడినది. దానికి మెమరీ ఖాతా లేదు. పైగా ఏ పిల్ల అయినా తనంతట తాను వేరొక సమూహంగా విడిపోవచ్చును. కుటుంబ వృక్షాన్ని వెదికి కూడే ఉపకరణాలకు కూడా ఈ ఇబ్బంది తప్పదు. మధ్యలో ఒక తల్లి చనిపోతే దాని పిల్లలు మూల ప్రాసెస్‌కు దత్తు పోతాయి, లెక్క నుండి జారిపోతాయి. కలిసిన చోట కొలబద్ద పాతాలంటే వేరే ఏర్పాటు కావలసి వచ్చింది.

సీగ్రూప్‌ల ఖాతా

ఆ ఏర్పాటు సీగ్రూప్‌లు. గూగుల్ సంస్థలో పాల్ మెనేజ్, రోహిత్ సేఠ్ 2006లో ఈ పని ప్రారంభించారు. 2008 జనవరిలో వెలువడిన 2.6.24 కెర్నెల్‌లో అది చేరింది. మెమరీ ఖాతా భాగం అదే సంవత్సరం 2.6.25లో వచ్చింది. దానిని రూపొందించినవారిలో ప్రధానుడు అప్పట్లో భారతదేశంలోని ఐబీఎం లినక్స్ విభాగంలో పనిచేసిన బల్బీర్ సింగ్. మన దేశపు గడ్డ మీద జరిగిన ఈ పని గురించి మన కంప్యూటరు తరగతులలో ఎక్కడా వినిపించకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

సీగ్రూప్‌లో చేర్చిన ప్రాసెస్‌కు పుట్టే ప్రతి సంతానం అదే సీగ్రూప్‌లో పుడుతుంది. అనుమతి లేకుండా బయటికి పోలేదు. అరసెకను బ్రతికి పోయే ప్రాసెస్ వాడిన మెమరీ కూడా సమూహం ఖాతాలో పడుతుంది. పంచుకున్న పుట ఒక్కసారే లెక్కకు వస్తుంది. మొదటి తరం సీగ్రూప్‌లలో గరిష్ఠ గుర్తు మ్యాక్స్ యూసేజ్ ఇన్ బైట్స్ అన్న ఫైలులో ఉండేది. దానిలో సున్న రాస్తే విదిలించిన ఉష్ణమాపకంలాగా తిరిగి మొదలయ్యేది. 2016లో 4.5 కెర్నెల్‌తో రెండవ తరం అధికారికమైనప్పుడు ఈ ఫైలు రాలేదు. మెమరీ డాట్ కరెంట్ అని ప్రస్తుత వాడకం చూపే ఫైలు ఉన్నది, గరిష్ఠం లేదు. ఆరు సంవత్సరాల తరువాత, 2022 జులైలో 5.19 కెర్నెల్‌తో మెమరీ డాట్ పీక్ అనే ఫైలు చేరింది. అప్పటికీ అది చదవడానికి మాత్రమే. తిరిగి అమర్చుకునే వీలు 2024 నవంబరులోని 6.12తో వచ్చింది. ఈ వీలులో ఒక సొగసు ఉన్నది. ఫైలును తెరిచి ఉంచుకున్న వ్యక్తి రాసిన తిరిగి అమర్పు అతని పఠనాలకు మాత్రమే వర్తిస్తుంది. ఒకే తెరలో ఇద్దరు పరిశీలకులకు చెరొక గరిష్ఠ ఉష్ణమాపకం అమర్చినట్లు.

మన విభాగాలలో సాధారణంగా కనిపించే ఉబుంటు 22.04తో మొదట వచ్చినది 5.15 కెర్నెల్. దానిలో ఈ ఫైలు లేదు. 24.04తో వచ్చిన 6.8లో ఉన్నది గాని తిరిగి అమర్చుకోలేము. తిరిగి అమర్చుకోలేని చోట ఉపాయం సులభమే. ప్రతి గణనకు కొత్త సీగ్రూప్ సృష్టించాలి. సిస్టమ్‌డీ-రన్ అనే ఆదేశం ముందు పెట్టి మన స్క్రిప్టును నడిపితే అది కొత్త సమూహాన్ని తానే కట్టి, పని కాగానే తీసివేస్తుంది. కొత్త సంచికలలో ముగింపు వేళ గరిష్ఠ మెమరీని కూడా తెర మీద చూపుతుంది. పాత సంచికలు వాడేవారు సమూహం తొలగిపోకముందే, అనగా స్క్రిప్టు చివరి వాక్యంగా, ఆ ఫైలును చదివి చిట్టాలో రాసుకోవాలి. తొలగిన తరువాత బురద చార కూడా మిగలదు.

ఫైలు లేని యంత్రంలో మెమరీ డాట్ కరెంట్‌ను సెకనుకొకసారి చదివి పెద్దదానిని ఉంచుకోవడం తప్ప గత్యంతరం లేదు. అది 7 గంటల, 2 గంటల పరిశీలన వంటిదే. పెద్ద కేంద్రాలలోని స్లర్మ్ వంటి పనుల వరుస నిర్వాహకులు చూపే గరిష్ఠం కూడా సాధారణ అమర్పులో 30 సెకనులకొకసారి తీసిన నమూనాల నుండి వచ్చినదే. 12.2 గిగాబైట్ల క్షణం ఆ రెండు నమూనాల మధ్య వచ్చి పోవచ్చును. విండోస్ వాడేవారికి జాబ్ ఆబ్జెక్ట్ అనే ఏర్పాటు విండోస్ 2000 నుండి ఉన్నది. సమూహపు గరిష్ఠం అక్కడ కూడా లభిస్తుంది. అయితే అది లెక్కించేది కేటాయించిన మెమరీని, నిజంగా ఆక్రమించినదానిని కాదు. లినక్స్ అంకెతో నేరుగా పోల్చరాదు.

పారించిన నీరు, పైరు వాడుకున్న నీరు

ఇంతవరకు చదివిన విద్యార్థి మెమరీ డాట్ పీక్ చూసి తృప్తి పడవచ్చును. అక్కడే అసలు చిక్కు ఉన్నది. ఆ ఖాతాలో కార్యక్రమం కోరి తీసుకున్న మెమరీతో పాటు, డిస్కు నుండి చదివిన ఫైళ్ళను కెర్నెల్ తన సౌలభ్యం కోసం నిలువ ఉంచిన కాషె కూడా కలిసి ఉంటుంది. ఆ కాషెను అవసరమైతే క్షణంలో వదలివేయవచ్చును. 40 గిగాబైట్ల ఉపగ్రహ చిత్రాలను వరుసగా చదివే ఒక చిన్న కార్యక్రమానికి నిజంగా 1 గిగాబైటు చాలవచ్చు, కాని 32 గిగాబైట్ల యంత్రంలో దాని గరిష్ఠ గుర్తు 25 దాటి నిలవవచ్చు. ఖాళీగా ఉన్న చోటంతా కెర్నెల్ నింపుకుంటుంది. చెరువు నిండుగా ఉన్న ఏడాది రైతు మడికి పారించిన నీటిని కొలిచి, వరి పైరు అవసరం ఇంత అని నివేదికలో రాసినట్లే ఇది. పారించిన నీరు వేరు, పైరు ఆవిరి చేసిన నీరు వేరు. నా దగ్గరకు వచ్చిన సర్వరు కొనుగోలు ప్రతిపాదనలలో ఈ తేడా గమనించినవి తక్కువ.

మెమరీ డాట్ స్టాట్ అనే ఫైలులో ఈ రెండు భాగాలు యానాన్, ఫైల్ అన్న వరుసలలో విడిగా ఉంటాయి. దురదృష్టవశాత్తు వాటికి గరిష్ఠ గుర్తు లేదు. కనుక నిజమైన అవసరాన్ని మనం నీటియాజమాన్య ప్రయోగాలలో చేసినట్లే తేల్చుకోవాలి. తడిని క్రమంగా తగ్గిస్తూ దిగుబడి ఎక్కడ దెబ్బతింటుందో చూస్తాము కదా. మెమరీ డాట్ మ్యాక్స్ ద్వారా సమూహానికి ఒక పరిమితి విధించి అదే గణనను మళ్ళీ నడపాలి. పరిమితి 24, 16, 12, 8 గిగాబైట్లుగా తగ్గిస్తూ పోవాలి. కాషె మాత్రమే కుదించబడుతున్నంతవరకు ఫలితం మారదు, సమయం కొద్దిగా పెరగవచ్చు. ఒక చోట సమయం ఒక్కసారిగా పెరుగుతుంది, లేదా మెమరీ డాట్ ఈవెంట్స్ ఫైలులో ఓఓఎం కిల్ అన్న లెక్క సున్నను దాటుతుంది. దానికి పైమెట్టు మన అవసరం. మా విభాగంలో ఈ వరుస ప్రయోగాన్ని ప్రతి కొత్త స్క్రిప్టుకు ఒకసారి చేయిస్తున్నాము. ఒక పూట పడుతుంది.

స్వాప్ ఉన్న యంత్రంలో ఈ ప్రయోగం మోసం చేస్తుంది. డిస్కు మీదికి నెట్టబడిన పుటలు మెమరీ డాట్ పీక్‌లో లెక్కకు రావు. వాటికి వేరే ఫైలు ఉన్నది. ప్రయోగకాలంలో సమూహానికి స్వాప్‌ను సున్నగా పరిమితం చేయడం మేలు.

పునరావృతాల విషయం కూడా చెప్పాలి. ఒక ఫైలు పుట ఏ సమూహం మొదట తాకితే దాని ఖాతాలో పడుతుంది. అదే గణనను వెంటనే రెండవసారి వేరే సమూహంలో నడిపితే ఫైళ్ళు ఇప్పటికే కాషెలో ఉంటాయి, ఖర్చు మొదటివారి పేర ఉంటుంది, రెండవవారి గరిష్ఠం తక్కువగా కనిపిస్తుంది. రెండవ స్క్రిప్టు మొదటిదానికంటె పొదుపైనదని ఇటువంటి అంకెలతో నిరూపించిన వ్యాసం ఒకటి నా సమీక్షకు వచ్చింది. వాటి క్రమం మార్చి నడపమని కోరాను. పిల్లల దశలు కలిసే తీరు కూడా ప్రతిసారి ఒకలా ఉండదు, పైన లెక్కలో 10కి 14కి ఉన్న తేడా అదే. కనీసం మూడు పునరావృతాలు చేయాలి. చేసి సగటు తీయరాదు. యంత్రం కూలేది సగటు రోజున కాదు కనుక మూడింటిలో పెద్దదానిని తీసుకోవాలి.

మా పట్టిక

నెల్లిమర్ల నుండి తిరిగి వచ్చిన వారంలో అదే గణనను ఒక సీగ్రూప్‌లో నడిపాము. నాలుగు పిల్లలు ఒకేసారి నడిచినప్పుడు, సమూహపు గరిష్ఠం యంత్రం మెమరీని దాటబోతున్నదని మొదటి గంటలోనే తెలిసింది. గళ్ళు చిన్నవిగా ఉన్న మూడు మండలాలను మిగిలినవాటి నుండి విడదీసి ఒకదాని తరువాత ఒకటిగా నడిపాము. అంతకంటె ముఖ్యమైన మార్పు ఇంకొకటి చేశాము. 2018లో 4.19 కెర్నెల్‌తో మెమరీ డాట్ ఓఓఎం డాట్ గ్రూప్ అనే అమర్పు వచ్చింది. దానిలో 1 రాస్తే మెమరీ చాలనప్పుడు కెర్నెల్ సమూహంలో ఒకదానిని ఏరి చంపదు, సమూహాన్ని మొత్తంగా ముగిస్తుంది. మొదట మా విద్యార్థులకు ఇది నచ్చలేదు. రాత్రంతా నడిచిన పనిలో తొంభై శాతం చేతికి వస్తుంటే దానినీ పోగొట్టుకోవడమేమిటని వారి వాదన. ఏ పది శాతం పోయిందో తెలియని తొంభై శాతాన్ని రైతు చేతికి ఇవ్వలేమని నా సమాధానం. వాదన ఇంకా పూర్తి కాలేదు. ఈలోగా స్క్రిప్టు చివర మండలాల సంఖ్యను సరిచూసే ఒక వాక్యం చేర్చుకున్నారు. అది ముందే ఉండవలసినది.

ఇప్పుడు మా విభాగంలో సమర్పించే సిద్ధాంత గ్రంథాల సామగ్రి, పద్ధతుల అధ్యాయంలో గణన గురించి కొన్ని వివరాలు తప్పనిసరిగా రాయిస్తున్నాము: కెర్నెల్ సంఖ్య, ఒకేసారి నడిచిన పిల్లల సంఖ్య, సమూహపు గరిష్ఠ మెమరీ, అందులో కాషె చేరి ఉన్నదా లేదా, విధించిన పరిమితి, ఓఓఎం కిల్ లెక్క. చివరిది సున్న కాని పక్షంలో ఫలితాల అధ్యాయం చదవకుండానే వెనుకకు పంపుతున్నాను.

సవరించిన పట్టికలో మూడు మండలాలూ చేరాయి. ఏటి ఒడ్డు నేలలు చేరడంతో జిల్లా సగటు నీటి నిల్వ సామర్థ్యం మారింది. దానితో, మొదటి ప్రతిలో సక్రమంగా కనిపించిన మరికొన్ని మండలాల అదను కూడా కొద్దిగా జరిగింది. ఎందుకంటే మట్టి నమూనాలు తక్కువగా ఉన్న చోట్ల మేము జిల్లా సగటునే వాడుకున్నాము. కొత్త ప్రతులను జూన్ మొదటి వారంలో పంపాము. నెల్లిమర్ల ప్రతిని ఆ వ్యవసాయ సహాయకునికి నేనే స్వయంగా ఇచ్చాను. అతను ముందుగా తన మండలం వరుసను వెదికి, దొరికిన తరువాత, కింద ఉన్న వరుసలను వేలితో ఒకటొకటిగా లెక్కపెట్టుకున్నాడు.